మిటిలీనీని కాపాడింది మాటా, మధ్యలో గడిచిన రాత్రా?

వేపచెట్టునీడ | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పోయిన నెల, ఏథెన్సు నాయకుడు పెరిక్లీస్ యుద్ధంలో చనిపోయినవాళ్ళ అంత్యక్రియల్లో చేసిన ప్రసంగం గురించి ఇక్కడ చాలా మాట్లాడుకున్నాం. గ్రీకుల యుద్ధకాలపు వక్తృత్వం అంటే ఇక అదేనని చాలామంది తేల్చేశారు. నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పినదాన్ని. నన్నడిగితే, ఆ ప్రసంగం తరవాత నాలుగేళ్ళు తిరక్కముందే అదే ఊళ్ళో జరిగిన ఒక సభ ఇంకా ఎక్కువ చదవదగ్గది. పెరిక్లీస్ చనిపోయినవాళ్ళ అస్థికల ముందు నిలబడి మాట్లాడాడు. ఈ సభలో తేలాల్సింది ఇంకా బతికే ఉన్న ఒక ఊరి సంగతి.

తెలియనివాళ్ళ కోసం కథ చెప్తాను. ఏథెన్సుకూ స్పార్టాకూ యుద్ధం నడుస్తున్న రోజులు. క్రీ.పూ. 428లో లెస్బోస్ దీవిలోని మిటిలీనీ ఏథెన్సు కూటమి నుంచి విడిపోయింది. అది కప్పం కట్టుకుంటూ బతికే చిన్న ఊరు కాదు. సొంత ఓడలు, సొంత గోడలు, ఏథెన్సు దగ్గర మర్యాద, అన్నీ ఉన్న ఊరు. స్పార్టా సాయం వస్తుందని నమ్ముకున్నారు. స్పార్టా పంపిన ఓడలు దారిలోనే తాత్సారం చేశాయి. ముట్టడిలో తిండి అడుగంటింది. స్పార్టా నుంచి దొంగచాటుగా ఊళ్ళోకి వచ్చిన సలైథస్, ఏథెన్సు సేన మీద పడదామని మామూలు జనం చేతికి ఆయుధాలిచ్చాడు. ఆయుధాలు చేతికి రాగానే జనం పెద్దల మాట వినడం మానేశారు. దాచిన ధాన్యం బయటికి తీసి అందరికీ పంచండి, లేదా మేమే ఏథెన్సుతో మాట్లాడుకుని ఊరు అప్పగిస్తాం అన్నారు. పెద్దలు బెదిరిపోయి, జనంతో కలిసి ఏథెన్సు సేనాని పాకీస్‌కు లొంగిపోయారు. ఇది 427 వేసవిలో సంగతి.

అప్పటికి ఏథెన్సులో మహమ్మారి మొదలై మూడేళ్ళు. ఆ ఏడు కూడా శత్రుసేన వచ్చి పొలాలు నాశనం చేసి పోయింది. ఆ కోపంలో సభ ఒక తీర్మానం చేసింది. మిటిలీనీలో వయసొచ్చిన మగవాళ్ళందరినీ చంపాలి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలను చెయ్యాలి. ఆ ఆజ్ఞ పాకీస్‌కు చేర్చడానికి ఓడ బయల్దేరింది. తెల్లవారేసరికి చాలామందికి మనసు ఒప్పలేదు. తప్పు చేసినవాళ్ళతో ఆగకుండా ఊరు ఊరంతా చంపడమేమిటి అనుకున్నారు. అక్కడే ఉన్న మిటిలీనీ రాయబారులు, వాళ్ళ తరఫు ఏథెన్సువాళ్ళు కలిసి అధికారులను పట్టుకుని మళ్ళీ సభ పెట్టించారు.

క్లియాన్ అనే నాయకుడు లేచి, నిన్నటి తీర్మానం కదలకూడదన్నాడు. డయోడటస్ అనే ఇంకో పౌరుడు లేచి, కదలాలన్నాడు. చేతులెత్తితే ఇంచుమించు సరిసమానం. డయోడటస్ మాట నెగ్గింది. మొదటి ఆజ్ఞను ఆపడానికి రెండో ఓడ బయల్దేరింది.

నన్ను చాలా ఏళ్ళుగా పట్టుకుని ఉన్న ప్రశ్న ఇది. ఆ చేతులను మార్చింది డయోడటస్ మాటలా, మధ్యలో గడిచిన ఆ ఒక్క రాత్రా?

కొత్తగాచేరాను | ఆదివారం, రాత్రి 10:05

మేడమ్, చాలా బాగా చెప్పారు. నాకో చిన్న సందేహం. "సభ" అంటే మన శాసనసభలాగా ఎన్నికైనవాళ్ళా? చేతులెత్తింది ఎవరు? అన్ని వేలమందికి మైకు లేకుండా ఎలా వినపడేది?

గ్రీకుఅక్షరాలు | సోమవారం, ఉదయం 6:20

కొత్తగాచేరాను గారూ, ఎన్నికలు లేవు. పౌరుడైన ప్రతి వయోజన పురుషుడూ వెళ్ళి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, చెయ్యెత్తవచ్చు. ఆడవాళ్ళకు, బానిసలకు, బయటినుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళకు ఆ హక్కు లేదు. ఊరి మధ్యనుంచి పడమటికి నడిస్తే ప్నిక్స్ అనే రాతిగుట్ట వస్తుంది. సభ దాని మీదే. ఏ విషయం సభ ముందుకు రావాలో 500 మంది మండలి ముందే ఖరారు చేసేది. తరవాత చాటింపుదారు లేచి "ఎవరు మాట్లాడతారు?" అని అడిగేవాడు. కొన్ని తీర్మానాలకు కనీసం 6,000 మంది ఉండాలని నియమం. అంటే ఆ గుట్ట మీద అన్ని గుండెలకు వినపడేలా మాట్లాడగలగాలి. గొంతు ఉన్నవాడిదే అక్కడ పైచేయి.

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఇక్కడ గ్రీకులు చాలామంది. మా పక్కింటి పెద్దాయన దగ్గర అక్షరాలు నేర్చుకుని, ఆ తరవాత పాత గ్రీకులోకి దిగాను. ఈ యుద్ధం చరిత్ర రాసిన థుసిడిడీస్, క్లియాన్‌ను పరిచయం చేసేటప్పుడు రెండు మాటలు వాడతాడు. పౌరులందరిలోకీ దౌర్జన్యపరుడు, ఆ రోజుల్లో జనాన్ని ఒప్పించడంలో అందరికంటే సమర్థుడు. డయోడటస్‌ను మాత్రం "యూక్రటీస్ కొడుకు, ముందురోజు సభలో కూడా ఈ చంపుడు వద్దన్నవాడు" అని పరిచయం చేసి ఊరుకుంటాడు. కాబట్టి మేడమ్ ప్రశ్నకు ఒక సగం జవాబు ఇక్కడే ఉంది. అదే మనిషి ముందురోజు మాట్లాడి ఓడిపోయాడు.

వాదిప్రతివాది | సోమవారం, ఉదయం 8:15

నేను జిల్లా కోర్టులో వకీలుని. క్లియాన్‌ను అందరూ రాక్షసుడిలా చూస్తారు కాబట్టి అతని తరఫున వకాల్తా పుచ్చుకుంటాను, సరదాకి కాదు, నిజంగానే.

అతని మొదటి వాదన ఏమిటి? మార్చకుండా అమలుచేసే చెడ్డ చట్టం ఉన్న ఊరు, అమలుకాని మంచి చట్టాలున్న ఊరికంటే గట్టిగా ఉంటుంది. ఇది తీసిపారేసే మాట కాదు. రాత్రికి ఒక తీర్పు, పొద్దుటికి ఒక తీర్పు అయితే ఎవరు నమ్ముతారు? రెండో వాదన ఇంకా బలమైనది. మిటిలీనీ వాళ్ళను మనం పీడించలేదు. ఓడలు ఉంచుకోనిచ్చాం, గోడలు ఉంచుకోనిచ్చాం, గౌరవించాం. బాధ పడలేక తిరగబడ్డవాడు వేరు, అదను చూసి శత్రువుతో కలిసి మన మీదికి లేచినవాడు వేరు అంటాడు. యుద్ధంలో ఉన్న ఏ రాజ్యానికైనా ఈ తేడా ముఖ్యమే.

కోపం చల్లారకముందే శిక్ష వెయ్యాలన్న మూడో మాట మాత్రం నేనూ ఒప్పుకోను. ఆ ఒక్కదాని మీదే నా వృత్తి మొత్తం ఆధారపడి ఉంది.

వేపచెట్టునీడ | సోమవారం, ఉదయం 11:30

వాదిప్రతివాది గారూ, క్లియాన్ తరఫున ఇంత బలంగా ఎవరైనా మాట్లాడితే బాగుండునని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను.

మీరు వదిలేసిన ముక్క ఒకటుంది. "ప్రజాస్వామ్యానికి ఇతరులను ఏలడం చేతకాదని నేను చాలాసార్లు అనుకున్నాను" అని మొదలుపెట్టి, "మీ పెత్తనం ఒక నిరంకుశత్వమని మీకు తెలియడం లేదు" అంటాడు. ఈ మాట క్లియాన్ సొంతం కాదు. అంతకు మూడేళ్ళ ముందు, మహమ్మారి వచ్చి జనం తిట్టిపోస్తున్నప్పుడు పెరిక్లీసే అన్నాడు. మీ సామ్రాజ్యం ఇప్పుడు నిరంకుశత్వం లాంటిది, దాన్ని తీసుకోవడం అన్యాయమే కావచ్చు, వదిలెయ్యడం మాత్రం ప్రమాదం అని. పెరిక్లీస్ నోట్లో "లాంటిది" ఉంది. క్లియాన్ నోట్లో ఆ "లాంటిది" రాలిపోయింది. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు మీద రెండు వాక్యాలూ పక్కపక్కన రాసి, తేడా ఎక్కడుందో మీరే కనిపెట్టండి అనేదాన్ని. ఒక నాయకుడు తూకం వేసి వాడిన మాట, అతను పోయాక ఇంకొకడి చేతిలో కత్తి అవుతుంది.

ఇంకొకటి. సామ్రాజ్యానికి మూడు చేటు చేస్తాయని క్లియాన్ లెక్కపెడతాడు: జాలి, మాటల మీద మోజు, మంచితనం. మీరు ప్రసంగాలను తమాషాలా చూస్తారు, జరిగిన పనులను మాత్రం ఇంకొకరి నోట వింటారు అని సభను మందలిస్తాడు. మాటకు లొంగొద్దని అంత గొప్పగా మాట్లాడి ఒప్పించబోయినవాడిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కాగడా | సోమవారం, రాత్రి 7:50

మేడమ్, నమస్తే. నాది వరంగల్ దిక్కు. నాకు ఒక్క సంగతి మింగుడు పడుతలేదు. ఇద్దర్ల ఎవ్వరన్న "ఏ పాపం ఎరుగని మనుషులను చంపుడు, పసిపిల్లలను బానిసలను చేసుడు తప్పు" అన్నరా? అదే అసలు ముచ్చట అని ఎవ్వరు అనలేదు. డయోడటస్ ఏమన్నడు? "వాళ్ళు తప్పు చేసిన్రా లేదా అన్నది కాదు మన ముచ్చట, మనకేది లాభం అన్నది." జాలి గురించి కూడ నేను మాట్లాడుతలేను అని తనే చెప్పిండు. ఊరును కాపాడిన ప్రసంగం అని మనం చేతులెత్తి మొక్కుతున్నం గని, అది లెక్కలు చూసుకున్న ప్రసంగం. లెక్క ఇంకో తీరుగ వచ్చిననాడు ఏమయితది?

ఏమయిందో చరిత్రల ఉన్నది. 421ల సియోనీ ఊరి మగవాళ్ళను చంపిన్రు. 416ల మీలోస్ దీవిల అదే చేసిన్రు, ఆడవాళ్ళను పిల్లలను అమ్మిన్రు, తమ మనుషులను 500 మందిని తెచ్చి ఆ జాగల కూసోబెట్టిన్రు. అప్పుడు డయోడటస్ వాదన ఏ పనికొచ్చింది?

గ్రీకుఅక్షరాలు | మంగళవారం, ఉదయం 5:55

కాగడా గారూ, మీ ప్రశ్న రాత్రంతా తిరుగుతూనే ఉంది. నేను దాన్ని ఇంకోలా చూస్తాను, తప్పైతే చెప్పండి.

డయోడటస్ ప్రసంగంలో మొదటి భాగం మిటిలీనీ గురించి కాదు, మాట్లాడటం గురించే. మంచి ఆలోచనకు రెండు శత్రువులు, తొందరా కోపమూ అంటాడు. ఎదుటివాడు లంచం తిన్నాడని నింద వేసే వక్తల వల్ల ఊరు మంచి సలహాదారులను పోగొట్టుకుంటుందంటాడు. (క్లియాన్ సరిగ్గా ఆ నిందే వేసి కూర్చున్నాడు.) ఆ తరవాత వచ్చే మాట నేను ఎన్నిసార్లు చదివినా ఆగిపోతాను. ఈ ఊళ్ళో చెడ్డ సలహా ఇచ్చేవాడు మోసంతో ఒప్పించాల్సి ఉన్నట్టే, మంచి సలహా ఇచ్చేవాడు కూడా నమ్మించాలంటే అబద్ధమాడక తప్పదు.

అంత మాట అన్నవెంటనే "నేను జాలి గురించి మాట్లాడటం లేదు" అంటే, దాన్ని మనం అక్షరాలా నమ్మాలా?

నాకనిపించేది, జాలిని లెక్క కింద దాచి సభలోకి తీసుకొచ్చాడని. ఆధారం కూడా ఉంది. మిటిలీనీ జనసామాన్యం తిరుగుబాటులో భాగం కాదు, ఆయుధాలు దొరకగానే తమంతట తామే ఊరు అప్పగించారు అంటాడు. మేడమ్ పైన రాసిన కథతో పోల్చి చూడండి. వాళ్ళు ముందు అడిగింది తిండి. అప్పగిస్తామన్నది బెదిరింపు. డయోడటస్ దాన్ని స్నేహంగా దిద్ది చెప్పాడు. అక్కడితో ఆగక, ఒకవేళ వాళ్ళు తప్పు చేసినా చెయ్యనట్టే మనం నటించాలి, ఎందుకంటే ప్రతి ఊళ్ళోనూ మనవైపు మిగిలి ఉన్నది ఆ జనమే అంటాడు. నింపాదిగా లెక్క వేసుకునేవాడు వాస్తవాన్ని ఇంత మెత్తబరచడు.

కాగడా | మంగళవారం, ఉదయం 9:10

అన్నా, దాచి తెచ్చిండు అంటే ఒప్పుకుంట. కని దాచవలసి వచ్చిందంటె ఆ సభ ఎట్ల తయారైందో గది కూడ చూడాలె. ముందురోజు రాత్రి నిద్రపట్టనోళ్ళే అక్కడ కూసున్నరు. వాళ్ళ మనసుల జాలి ఉన్నది. అయినా ఆ మాట నోటితో అంటే క్లియాన్ "మెత్తటోడు" అంటడని భయం. జాలి ఉన్నోళ్ళకు జాలి పేరు చెప్పకుండ చెయ్యెత్తే సాకు దొరికింది. నా లెక్క ప్రకారం డయోడటస్ చేసిన ఉపకారం గదే.

వేపచెట్టునీడ | మంగళవారం, ఉదయం 9:45

కాగడా, నా ప్రశ్నకు ఇంత సూటి జవాబు నాకు ముప్పై ఏళ్ళలో రాలేదు నాయనా. రాత్రి మనసు మార్చింది, మాట చెయ్యి ఎత్తించింది. రెండూ వేరు పనులు.

పాతకాగితం | మంగళవారం, మధ్యాహ్నం 2:30

మీరంతా ఒక్కొక్క పదం పట్టుకుని వాదిస్తున్నారు. అసలు ఇవి వాళ్ళు అన్న మాటలేనా? రాసింది థుసిడిడీస్. టేపు రికార్డరు లేదు. క్లియాన్ అంటే ఆయనకు గిట్టదు. మనం చదువుతున్నది సభనా, థుసిడిడీస్ మనసునా?

గ్రీకుఅక్షరాలు | మంగళవారం, సాయంత్రం 4:40

అడగాల్సిన ప్రశ్నే. ఆయన తన పుస్తకం మొదట్లోనే ఒప్పుకున్నాడు. మాట్లాడిన మాటలను ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకోవడం తనకూ, తనకు చెప్పినవాళ్ళకూ కష్టమైందని, అసలు చెప్పినదాని మొత్తం భావానికి దగ్గరగా ఉంటూ ఆ సందర్భానికి ఏం మాట్లాడాల్సి ఉంటుందో అలా రాశానని. ఈ చర్చ జరిగిన మూడేళ్ళకు, 424లో, సేనానిగా ఉండి ఆంఫిపోలిస్ అనే ఊరు శత్రువుకు పోగొట్టుకుని ఇరవై ఏళ్ళు దేశం బయట గడిపాడు. అంటే 427లో ఇంకా బహిష్కరణ లేదు. ఆ ఊరి సభల సంగతి అతనికి పరాయిది కాదు.

పదాలు థుసిడిడీస్‌వి అనే చదువుదాం. కానీ తీర్మానం, రెండో సభ, దాదాపు సమానంగా లేచిన చేతులు, రెండు ఓడలు, ఇవి కల్పించే సంగతులు కావు. వేలమంది కళ్ళతో చూసినవి.

నిర్వాహకులు | మంగళవారం, సాయంత్రం 6:00

రెండు వ్యాఖ్యలు తీసేశాం. ఇప్పటి నాయకుల పేర్లు పెట్టి పోలికలు తేవద్దు. దానికి వేరే విభాగం ఉంది. చర్చ బాగా నడుస్తోంది, ఇలాగే కొనసాగించండి.

తెడ్డు | మంగళవారం, రాత్రి 9:25

నేను నౌకాదళంలో పనిచేసి విశాఖలో స్థిరపడ్డాను. ప్రసంగాల సంగతి మీకు వదిలేస్తాను. ఓడ గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఒప్పించడంలో సగం ఆ ఓడలోనే జరిగింది.

ట్రైరీమ్ అంటే మూడు వరసల తెడ్ల ఓడ. 170 మంది తెడ్డు వేసేవాళ్ళు, మొత్తం మీద 200 మంది. ఏథెన్సు నుంచి మిటిలీనీకి సముద్రం మీద సుమారు 340 కిలోమీటర్లు. మామూలుగా ఈ ఓడలు తిండికి, నిద్రకు ఒడ్డుకు చేరాల్సిందే. లోపల వంటకూ పడకకూ చోటుండదు. మొదటి ఓడకు ఒక పగలు, ఒక రాత్రి ముందంజ ఉంది. రెండో ఓడ దాన్ని అందుకోవాలి.

మిటిలీనీ రాయబారులు ఓడకు ద్రాక్షసారా, బార్లీపిండి సమకూర్చారు. ముందుగా చేరితే పెద్ద బహుమానం అన్నారు. తెడ్డువాళ్ళు పిండిని సారాతో, నూనెతో ముద్ద చేసుకుని తెడ్డు వేస్తూనే తిన్నారు. వంతులు వేసుకుని కొందరు పడుకుంటే కొందరు లాగారు. అదృష్టవశాత్తూ ఎదురుగాలి తగల్లేదు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు శిక్షణలో తెడ్ల పడవ లాగాను. గంటన్నరకే అరచేతులు బొబ్బలెక్కి మర్నాడు అన్నం కలపలేకపోయాను. రాత్రీ పగలూ ఆపకుండా అంటే ఏమిటో నాకు తెలుసు.

నా గుండె పట్టుకున్నది మాత్రం మొదటి ఓడ. ఇంత దారుణమైన పని మీద వెళ్తున్నందుకు ఆ ఓడ తొందరపడలేదని థుసిడిడీస్ రాశాడు. 170 జతల చేతులు నెమ్మదిగా ఆడాయి. వాళ్ళలో చాలామంది సభలో చెయ్యెత్తగల పేద పౌరులే అయ్యుంటారు. సభలో ఎవరు ఎవరిని ఒప్పించారో గానీ, ఆ నెమ్మదితనమే లేకపోతే రెండో ఓడ అందేది కాదు. పాకీస్ తీర్మానం చదివి, అమలుకు సిద్ధమవుతున్నాడు. అప్పుడు చేరింది రెండోది.

కొత్తగాచేరాను | మంగళవారం, రాత్రి 9:50

తెడ్డు గారూ, ఒళ్ళు జలదరించింది. అంటే మిటిలీనీ మొత్తం బతికిపోయినట్టేనా?

కాగడా | మంగళవారం, రాత్రి 10:15

మొత్తం కాదు తమ్మీ. నేను నిన్ననే రాద్దామనుకున్న. పాకీస్ ముఖ్య కారకులని ఏరి ఏథెన్సుకు పంపినోళ్ళను క్లియాన్ ప్రతిపాదన మీద చంపిన్రు. 1,000 మంది కంటె కొంచెం ఎక్కువ. ఊరి గోడలు కూలగొట్టిన్రు, ఓడలు తీసుకున్నరు. దీవిల ఒక్క మెథిమ్నా ఊరి భూములు ఇడిసిపెట్టి, మిగిలిన భూమిని 3,000 భాగాలు చేసిన్రు. 300 దేవుళ్ళ పేరు మీద, మిగిలినయి ఏథెన్సు పౌరులకు చీట్లు తీసి పంచిన్రు. ఆ పొలం దున్నింది మాత్రం లెస్బోస్ రైతులే. ఒక్కో భాగానికి ఏడాదికి రెండు మినాలు, అంటే 200 డ్రాక్మాల వెండి నాణేలు కౌలు కట్టాలె. తన సొంత చెలకకు తనే కౌలుదారు.

పాతకాగితం | బుధవారం, ఉదయం 7:30

చంపారన్న ఆ 1,000 మంది సంఖ్య మీద పండితుల్లో గొడవ ఉంది. చేతిరాత ప్రతుల్లో అంకె తప్పు పడిందని, అసలు అంతమంది అయ్యుండరని కొందరంటారు. ప్రతులు చెప్పేది మాత్రం వెయ్యికి పైనే.

మేడమ్ అనుమతిస్తే ఒక పొడిగింపు. అదే ఏడాది వేసవి చివర సిసిలీ నుంచి లియాంటినీ ఊరి రాయబారం ఏథెన్సుకు వచ్చింది. ఆ రాయబారానికి ముందు నిలిచినవాడు గోర్గియాస్, ఒప్పించే విద్యను పాఠంగా చెప్పినవాడు. ఏథెన్సు సాయంగా 20 ఓడలు పంపింది. క్లియాన్ "మీరు వాక్చాతుర్యం చూడటానికి కూర్చున్నవాళ్ళలా ఉన్నారు" అని తిట్టిన కొద్ది వారాలకే అన్నమాట. పన్నెండేళ్ళ తరవాత, 415లో, అదే సిసిలీ మీదికి మహాసైన్యం పంపే చర్చలో నిసియాస్ అనే సేనాని వద్దన్నాడు, ఆల్సిబయడీస్ అనే ఇంకో నాయకుడు వెళ్దామన్నాడు. ఓడిపోతున్నానని తెలిసి నిసియాస్ ఒక ఎత్తు వేశాడు. వెళ్ళాలంటే ఇంత బలగం కావాలి, ఇంత ఖర్చు అవుతుంది అని పెంచి చెప్తే జంకుతారనుకున్నాడు. జనం జంకలేదు, అంత బలగమైతే ఇంకేం భయం అని ఎగబడ్డారు. ఇష్టంలేనివాళ్ళు వద్దని చెయ్యెత్తితే దేశద్రోహి అంటారేమోనని నోరు మూసుకున్నారు. నిసియాస్ కూడా మంచి సలహాకు అబద్ధపు తొడుగు వేసినవాడే. డయోడటస్‌కు కలిసొచ్చింది, ఇతనికి కొంప ముంచింది.

వేపచెట్టునీడ | బుధవారం, ఉదయం 10:20

ఇద్దరికీ తేడా మధ్యలో ఆ రాత్రి అనుకుంటాను. నిసియాస్ మాట్లాడినప్పుడు కూడా మొదటి సభకూ రెండో సభకూ మధ్య నాలుగు రోజుల వ్యవధి ఉంది. కానీ ఆ రోజుల్లో జనం పశ్చాత్తాపపడలేదు, సిసిలీ కలలు కన్నారు. వాళ్ళ మనసులో లేని భయాన్ని నిసియాస్ అంకెలతో పుట్టించాలని చూశాడు. డయోడటస్ అప్పటికే ఉన్నదానికి దారి తీశాడు.

ఒకసారి క్లాసులో ఈ రెండు ప్రసంగాలనూ తెలుగులో చెప్పి ఓటు పెట్టాను. మొదటిరోజు క్లియాన్‌ది మాత్రం చదివి వినిపించాను. ముట్టడి, మహమ్మారి, పొలాలు తగలబడటం అంతా చెప్పాక చదివాను. అరవైమందిలో నలభై పైగా చేతులు లేచాయి, "చంపాల్సిందే" అని. మర్నాడు డయోడటస్‌ది చదువుదామని పుస్తకం తెరిస్తే, వెనక బెంచీలో ఒకమ్మాయి లేచి "మేడమ్, మీరు చదవక్కర్లేదు, నేను నా చెయ్యి దించేస్తున్నాను" అంది. ఎందుకమ్మా అంటే, రాత్రి ఇంటికెళ్ళి తమ్ముణ్ణి చూశానంది. ఆ పిల్లకు డయోడటస్ అవసరం లేకపోయింది. మిగతావాళ్ళలో చాలామందికి అవసరమైంది.

వాదిప్రతివాది | బుధవారం, రాత్రి 11:05

రెండు రోజులుగా మౌనంగా చదువుతున్నాను. ఈ సాయంత్రం డయోడటస్ ప్రసంగం చివరిదాకా మళ్ళీ చదివాను. రెండు సంగతులు.

ఒకటి, అతను వక్తల గురించి అన్న మాట. సలహా ఇచ్చినవాడు మీకు జవాబుదారీ, వినే మీరు ఎవరికీ జవాబుదారీ కాదు. మాట తప్పైతే చెప్పినవాడిని ఒక్కణ్ణే శిక్షిస్తారు, దానికి చెయ్యెత్తిన మిమ్మల్ని మీరు శిక్షించుకోరు అంటాడు. 413లో సిసిలీలో సర్వనాశనమైన వార్త వచ్చినప్పుడు ఏథెన్సు జనం సరిగ్గా అదే చేశారు. తాము ఓటు వెయ్యనట్టే వక్తల మీద విరుచుకుపడ్డారని థుసిడిడీస్ రాశాడు. క్లియాన్ తరఫున వకాల్తా పుచ్చుకున్నవాడిగా ఇది ఒప్పుకుంటున్నాను. క్లియాన్ సభను నిలకడ లేదని తిట్టాడు గానీ, బాధ్యత పడమని అడగలేదు. అడిగింది డయోడటస్.

రెండోది కాగడా గారు చెప్పిన ఆ వెయ్యి మంది గురించి. డయోడటస్ ప్రతిపాదన కచ్చితంగా ఏమిటో చూడండి: పాకీస్ దోషులని పంపినవాళ్ళను తొందరలేకుండా, నింపాదిగా విచారించండి, మిగిలినవాళ్ళను వాళ్ళ ఊళ్ళో బతకనివ్వండి. చేతులెత్తింది దానికే. మిగిలినవాళ్ళ కోసం ఓడ పరుగెత్తింది. ఈ వెయ్యి మంది కోసం ఏ ఓడా అక్కర్లేదు, వాళ్ళు ఏథెన్సులోనే ఉన్నారు. వాళ్ళ గురించి థుసిడిడీస్ రాసింది ఒక్క వాక్యం. క్లియాన్ ప్రతిపాదన మీద చంపారు. అందులో విచారణ అన్న మాట లేదు.